జానెడు పైన

శుక్రారం నాలుగింటికి గంగారాజం పికప్‌ల
మాల్కియా ఒడ్డుకు పోతం.
ఏసీ బండి దిగంగనే కెమెరా కంటికి చెమట పడ్తది.
బనీను కొసతోని తుడుస్తే ఇంకో పొర.
పది నిమిషాలు ఆగాలె,
అది ఈ గాలికి అలవాటు పడేదాక.
నాకు రెండేండ్లు పట్టింది.

రోడెల్ మనీలాకు ఎళ్లిపోయేటప్పుడు
ముప్పై దీనార్లకు అమ్మిండు దీన్ని.
రెండు ముక్కలు చెప్పిండు:
వెలుగును సూర్యుని మీద కొలవకు, పక్క మబ్బు మీద కొలువు.
నీళ్ల గీతను వంగనియ్యకు,
సముద్రం ఒలికిపోతది.

చెప్పనిది ఒకటున్నది.
లోపల ఎక్కడ్నో దుమ్ము నలుసు,
ప్రతి ఫోటోల కుడిచేతి మూలకు నల్లటి చుక్క.
సాయవ్వ ఫోన్ల అడిగింది:
అదేం పిట్ట, ఎప్పుడు అక్కడ్నే ఎగురుతది?
పేరు తెల్వదన్న.
గీ పొద్దు మాకు గూకి రెండు గంటలాయె,
మళ్ల ఎందుకు పంపుతవ్ అన్నది.
అన్నదిగాని ఒక్కటి గూడ తుడిపెయ్యలేదు.

బాల్కొండ దిక్కోన్ని నేను,
సముద్రం లేకుంట పెరిగినోన్ని.
ఎర్రటి నీళ్లు చూస్తే
పసుపు కొమ్ములు ఉడికే కడాయి యాదికొస్తది,
ఆవిరికి కండ్లు మూసుకొని
అమ్మ గోరుతోని కొమ్మును గిచ్చి చూసుడు.

దుకాణంల అమ్మే కార్డుల మీద తీరు గాదు,
ఇక్కడ పొద్దు నీళ్లల్ల మునగదు.
జానెడు పైన్నే, సౌదీ దిక్కు దుమ్ముల,
చాయల ముంచిన బిస్కెట్టు లెక్క
అంచుల పొంటి మెత్తబడి
విరిగిపోతది.
ఆ జానెడు కోసమే నేనొచ్చేది.
నూటపదారు సార్లు తీసిన.
ఒక్కసారి గూడ అందలే.

మొన్న ఆటు మీద హాజీ మక్కీ
మోకాలి లోతుల నడుసుకుంట పోయిండు
తన హద్రా దగ్గరికి.
చువ్వలు పాతి జాలి కట్టిన కంచె అది,
పైనుంచి చూస్తే బాణం మొన.
పోటుతోని లోపలికొచ్చిన చేపకు
ఆటుకు తొవ్వ దొరకదు,
బతికే ఉంటది, తిరుగుకుంటనే ఉంటది
అని గంగారాజానికి చెప్పిండు సగం హిందీల.
గంగారాజం నవ్విండు. ఎందుకో చెప్పలే.

నా దిక్కు తిరిగి అన్నడు ముసలాయన:
సూర్యుడు రేపొస్తడు.
దీన్ని తియ్యి.
మొఖం వద్దు, చేతులొస్తే రానియ్యి.

మొదటిసారి పొద్దుకు ఈపు పెట్టిన.
చువ్వలకు అంటిన నాచు మీద,
బుట్టల కొట్టుకుంటున్న నాలుగు సాఫీ చేపల మీద,
ఆయన బొటనవేలి పగుళ్లల్ల
అదే పసుపు.
జానెడు దూరంల.

చిన్న తెర మీద చానాసేపు చూసుకున్నడు.
ఈ చుక్క ఏంది?
పిట్ట, అన్న.
తలెత్తి ఆకాశంల ఎతికిండు పాపం.
పోయినేడు ఈ ఒడ్డుకు ఎన్ని పిట్టలొచ్చేటియో,
ఇప్పుడు మట్టి పోసుకుంటొస్తున్నరు గదా, అన్నడు.
వచ్చే రంజాన్‌కు నా కంచె
ఎవరిదో ఇంటి ముందర పార్కింగు.

నువ్వేం పని చేస్తవ్?
డ్రైవరు, అన్న.
ఏం బండి?
అప్పుడే మసీదుల పిలుపు లేసింది.
ఆయన చెప్పులు తొడుక్కున్నడు.
జవాబు నా నోట్లనే
ఉప్పగ ఉండిపోయింది.

శనారం పొద్దుగాల నలభై ఒకటో నంబరు టిప్పరు.
ఎనకకు పెట్టి జాకీ లేపిన.
అద్దంల పొద్దు పొడుస్తున్నది,
ఎవ్వరు ఫోటో తియ్యని పొద్దు,
దుమ్ము లేకుంట, నిండుగ, నీళ్లకు ఆనుకొని.
తొట్టిల నుంచి ఇసుక జారింది.
నీళ్లు ఏమనలేదు.
పెద్దమనిషి తొవ్వ ఇచ్చినట్టు
పక్కకు జరిగినయ్.